బ్రూనో టూషెక్

బ్రూనో టూషెక్ (ఫిబ్రవరి 3, 1921 - మే 25, 1978) ఆస్ట్రియాలో జన్మించి ఇటలీలో స్థిరపడిన సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త. ఎలక్ట్రాన్లను, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లను ఒకే వలయంలో ఎదురెదురు దిశలలో పరిభ్రమింపజేసి ఢీకొట్టించే యంత్రాన్ని ప్రపంచంలో మొట్టమొదట ప్రతిపాదించి నిర్మింపజేసినవాడు ఇతడే. రోము నగర సమీపంలోని ఫ్రాస్కాటీ ప్రయోగశాలలో 1961లో పని ప్రారంభించిన ఆ యంత్రం పేరు ఆడా. నేడు కొలైడర్లు అని పిలువబడుతున్న మహాయంత్రాలలో పదార్థాన్ని ప్రతిపదార్థంతో ఢీకొట్టించినవన్నీ ఈ చిన్న యంత్రానికి వారసులే. నాజీల చెరలో మృత్యుముఖం దాకా వెళ్ళి బయటపడిన టూషెక్, యుద్ధకాలంలో నేర్చుకున్న యంత్ర విద్యను తరువాత ప్రకృతి రహస్యాల అన్వేషణకు వినియోగించాడు. నిల్వ వలయాలలో కణాలు క్రమంగా నష్టపోవడానికి ఒక కారణమైన టూషెక్ ప్రభావం ఇతని పేరుతోనే ప్రసిద్ధమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

టూషెక్ వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంజ్ టూషెక్ ఆస్ట్రియా సైన్యంలో అధికారి. తల్లి కమిల్లా వెల్ట్‌మాన్ యూదు కుటుంబానికి చెందినది. ఆమె టూషెక్ బాల్యంలోనే మరణించింది. తరువాత తండ్రి పునర్వివాహం చేసుకున్నాడు. తల్లి సోదరి ఆడా రోములో నివసించేది. ఆమెను చూడడానికి వెళ్ళివస్తూ ఉండడం వలన టూషెక్‌కు చిన్ననాటి నుండే ఇటలీతో పరిచయం కలిగింది.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో విలీనం చేసుకున్నాడు. తల్లి యూదు స్త్రీ కావడం వలన టూషెక్ తాను చదువుతున్న పాఠశాలను విడిచిపెట్టవలసి వచ్చింది. మరొక పాఠశాలలో ప్రైవేటు విద్యార్థిగా పరీక్ష వ్రాసి 1939లో ఉత్తీర్ణుడయ్యాడు. ఇంగ్లాండుకు వెళ్ళి చదువుకోవాలనే అతని ఆలోచన యుద్ధం మొదలవడంతో ఆగిపోయింది. వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతిక, గణిత శాస్త్రాలు చదవడం ప్రారంభించాడు కాని, జాతి చట్టాల కారణంగా 1940లో అక్కడి నుండి కూడా బహిష్కరింపబడ్డాడు.

చదువు మాత్రం ఆగలేదు. పాల్ అర్బన్ అనే యువ అధ్యాపకుడు గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. వాటిలో సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ గ్రంథాలు ముఖ్యమైనవి. అర్బన్ ద్వారానే టూషెక్‌కు సోమర్‌ఫెల్డ్‌తో పరిచయం కలిగింది. తన పూర్వాపరాలు ఎవరికీ తెలియని చోట చదువు సాగించడమే క్షేమమని భావించి, సోమర్‌ఫెల్డ్ సహాయంతో 1942లో జర్మనీకి వెళ్ళాడు. మ్యూనిక్ మీదుగా హాంబర్గు చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో అనధికారికంగా పాఠాలు వినేవాడు. పొట్ట గడవడానికి ఎలక్ట్రానిక్ పరికరాల సంస్థలలో పనిచేసేవాడు.

యుద్ధకాలం, బీటాట్రాన్

బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న కాలంలో ఒక శాస్త్ర పత్రికకు వచ్చిన వ్యాసం టూషెక్ దృష్టిలో పడింది. నార్వే దేశీయుడైన ఇంజనీరు రోల్ఫ్ విడెరో దానిని వ్రాశాడు. ఎలక్ట్రాన్లను వృత్తాకార కక్ష్యలో త్రిప్పుతూ వాటి వేగాన్ని పెంచే బీటాట్రాన్ అనే యంత్రానికి సంబంధించిన ప్రతిపాదన అది. టూషెక్ అతనితో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. జర్మనీ విమానయాన మంత్రిత్వ శాఖ ఆ ప్రతిపాదనను రహస్యంగా ఆమోదించి హాంబర్గులో 1.5 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల బీటాట్రాన్ నిర్మాణం చేపట్టింది. టూషెక్ ఆ బృందంలో సిద్ధాంతకర్తగా చేరాడు.

వృత్తాకార మార్గంలో వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతిని వెదజల్లుతూ శక్తిని కోల్పోతాయి. ఈ వికిరణం ఎలక్ట్రాన్ల చలనాన్ని ఎట్లా ప్రభావితం చేస్తుందో టూషెక్ అప్పుడే గణించాడు. పదిహేను సంవత్సరాల తరువాత ఆడా నిర్మాణానికి ఈ లెక్కలే పునాది అయ్యాయి. విడెరో వద్దనే మరొక ఆలోచన కూడా అతనికి తెలిసింది. కణాలను ఎదురెదురుగా పంపి ఢీకొట్టిస్తే శక్తి వృథా కాదని గ్రహించిన విడెరో, 1943లో దానిపై పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇది ఎవరికైనా తట్టగల విషయమేనని, దానికి పేటెంటు ఎందుకని టూషెక్ అప్పట్లో అభ్యంతరం చెప్పినట్లు విడెరో తరువాత తెలియజేశాడు.

1945 మార్చిలో గెస్టపో పోలీసులు టూషెక్‌ను నిర్బంధించి హాంబర్గులోని ఫుల్స్‌బ్యుట్టెల్ కారాగారంలో ఉంచారు. విడెరో అక్కడికి వెళ్ళి ఆహారం, సిగరెట్లు, పుస్తకాలు అందజేస్తూ ఉండేవాడు. ఆ పుస్తకాలలో వాల్టర్ హైట్లర్ వ్రాసిన వికిరణ క్వాంటం సిద్ధాంత గ్రంథం ఒకటి. ఇద్దరూ జైలు గోడల మధ్యనే బీటాట్రాన్ గురించి చర్చించుకునేవారు.

ఏప్రిల్ నెలలో ఖైదీలను కీల్ పట్టణంలోని నిర్బంధ శిబిరానికి కాలినడకన తరలించారు. జ్వరంతో బాధపడుతూ, బరువైన పుస్తకాల మూట మోస్తూ నడుస్తున్న టూషెక్ దారిలో కూలిపోయాడు. కాపలా సైనికుడు అతనిపై తుపాకీ పేల్చాడు. తూటా చెవి దగ్గర రాసుకుంటూ పోయింది. చనిపోయాడనుకుని అతనిని కాలువ గట్టున వదిలి మిగిలిన వారు ముందుకు సాగిపోయారు. తరువాత అతనిని ఆసుపత్రికి చేర్చారు. అక్కడి నుండి మళ్ళీ జైలుకు తరలించారు. జర్మనీ ఓటమితో గాని అతనికి విముక్తి లభించలేదు.

గోటింగెన్, గ్లాస్గో

యుద్ధానంతరం టూషెక్ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరి 1946లో బీటాట్రాన్ సిద్ధాంతంపై వ్యాసం సమర్పించి డిప్లొమా పట్టా పొందాడు. కొంతకాలం వెర్నర్ హైసెన్‌బర్గ్ వద్ద పనిచేశాడు. 1947లో స్కాట్లాండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1949లో డాక్టరేటు పట్టా సాధించాడు. ఆ సమయంలో అక్కడ 30 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్ నిర్మాణం జరుగుతూ ఉంది. సిద్ధాంతం, యంత్రం రెండూ తెలిసినవాడు కనుక టూషెక్ సలహాలు ఆ నిర్మాణానికి ఉపకరించాయి. ఎడిన్‌బరోలో ఉన్న మాక్స్ బోర్న్‌తో కూడా అతనికి సన్నిహిత పరిచయం ఏర్పడింది. 1951లో వాల్టర్ థిర్రింగ్‌తో కలిసి, ఆవేశిత కణాలు అభిఘాత సమయంలో వెలువరించే అల్పశక్తి ఫోటాన్ల గురించి ఒక పత్రం ప్రచురించాడు. ఈ విషయం అతని జీవితమంతా వెంట వచ్చింది.

రోములో స్థిరనివాసం

1952 చివరలో టూషెక్ రోముకు తరలివచ్చి ఇటలీ జాతీయ అణుభౌతిక సంస్థలో పరిశోధకుడయ్యాడు. యుద్ధం ముందు ఎన్రికో ఫెర్మి బృందం వలన ప్రఖ్యాతి పొందిన రోము భౌతిక శాస్త్ర విభాగాన్ని అప్పుడు ఎడోర్డో అమాల్డి పునర్నిర్మిస్తున్నాడు. టూషెక్ 1955లో స్కాట్లాండుకు చెందిన ఎల్స్పెత్ యాంగ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె ప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త మారిస్ యాంగ్ కుమార్తె. వీరికి ఇద్దరు కుమారులు.

ఈ కాలంలో అతడు న్యూట్రినోలు, కాలవిపర్యయ సౌష్ఠవం మొదలైన విషయాలపై కృషి చేశాడు. సౌష్ఠవ నియమాలలో అతనికి గల నైపుణ్యం ఆడా విషయంలో నేరుగా అక్కరకు వచ్చింది.

ఎదురెదురు అభిఘాతాల ఆవశ్యకత

నేలపై కదలకుండా ఉన్న ఒక గోళీని మరొక గోళీతో కొడితే రెండూ కలిసి ముందుకు దొర్లుతాయి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం ముందుకు సాగే చలనం మిగిలి ఉండవలసిందే కనుక, కొట్టిన గోళీ శక్తిలో కొంత భాగం ఆ చలనానికే ఖర్చవుతుంది. సమాన వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు గోళీలు ఢీకొన్నప్పుడు మొత్తం ద్రవ్యవేగం సున్నా. అందువలన శక్తి అంతా అభిఘాతానికే ఉపయోగపడుతుంది.

కాంతివేగానికి సమీపంగా ప్రయాణించే కణాల విషయంలో ఈ తేడా అపారంగా పెరుగుతుంది. ఒక్కొక్కటి 25 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురుగా ఢీకొంటే లభించే ఉపయుక్త శక్తి 50 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. నిశ్చలంగా ఉన్న ఎలక్ట్రానును పాజిట్రానుతో కొట్టి అంతే శక్తిని పొందాలంటే ఆ పాజిట్రానుకు సుమారు 24,500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇవ్వవలసి ఉంటుంది.

అయితే దీనిలో ఒక చిక్కు ఉంది. ఘన లక్ష్యంతో పోలిస్తే కణ పుంజం ఎంతో పలుచనైనది. ఎదురెదురుగా వచ్చే రెండు పుంజాలలోని కణాలు చాలా వరకు ఒకదానినొకటి తాకకుండానే దాటిపోతాయి. కనుక అవే కణాలను గంటల తరబడి వలయంలో నిలిపి ఉంచి కోట్లాది సార్లు ఎదురుపడేటట్లు చేయాలి. ఇట్టి వలయాలను నిల్వ వలయాలు అంటారు. అమెరికాలో ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల బృందం ఒకదానినొకటి తాకే రెండు వలయాలలో ఎలక్ట్రాన్లను ఎలక్ట్రాన్లతో ఢీకొట్టించే యంత్రాన్ని 1950 దశకం చివరలో నిర్మించడం మొదలుపెట్టింది.

1959లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ పనోఫ్‌స్కీ రోముకు వచ్చి ఈ యంత్రం గురించి ఉపన్యసించాడు. ఎలక్ట్రాన్లకు బదులు ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఎందుకు ఢీకొట్టించరాదని టూషెక్ ఆలోచించాడు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసినప్పుడు రెండూ అంతరించి కేవలం శక్తి మిగులుతుంది. ఆ శక్తి నుండి ఏ కణమైనా తన ప్రతికణంతో జంటగా ఉద్భవించవచ్చు. అది శూన్యాన్నే ఒక కొత్త పద్ధతిలో ప్రశ్నించడం వంటిది. ఇంకొక సౌలభ్యం కూడా ఉంది. రెండింటి ద్రవ్యరాశి సమానం, ఆవేశాలు పరస్పర విరుద్ధం. అందువలన ఒకే అయస్కాంత క్షేత్రంలో అవి ఒకే కక్ష్యపై ఎదురెదురు దిశలలో తిరుగుతాయి. రెండు వలయాలు అవసరం లేదు. రెండు పుంజాలు నిజంగా ఒకే బాటలో నడుస్తాయా అని కొందరు సందేహించారు. ఆవేశాన్ని, ప్రతిబింబాన్ని, కాలదిశను ఒకేసారి తారుమారు చేసినా ప్రకృతి నియమాలు మారవనే సిద్ధాంతమే అందుకు హామీ అని టూషెక్ సమాధానం.

ఆడా నిర్మాణం

ఫ్రాస్కాటీ ప్రయోగశాలలో జార్జియో సాల్విని నాయకత్వాన నిర్మించిన 110 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్ 1959లో పని ప్రారంభించింది. 1960 ఫిబ్రవరి 17న జరిగిన సమావేశంలో టూషెక్ ఆ కొత్త సింక్రోట్రానునే అభిఘాత యంత్రంగా మార్చాలని సూచించాడు. ఎంతో శ్రమపడి నిర్మించుకున్న యంత్రాన్ని వెంటనే వదులుకోవడానికి సహజంగానే ఎవరూ సిద్ధపడలేదు. దానికి బదులు ప్రత్యేకంగా ఒక చిన్న వలయాన్ని నిర్మించి ఆలోచనను పరీక్షించాలని నిర్ణయించారు. మార్చి 7న టూషెక్ తన ప్రణాళికను ఉపన్యాస రూపంలో వివరించాడు. కార్లో బెర్నార్దిని, జాన్‌ఫ్రాంకో కొరాజా, జార్జియో గిగో అతనితో చేతులు కలిపారు.

ఇటాలియన్ భాషలో నిల్వ వలయం అనే అర్థాన్నిచ్చే మాటలలోని అక్షరాలు కలిపి ఈ యంత్రానికి ఆడా అని పేరు పెట్టారు. ఇది టూషెక్ పినతల్లి పేరు కూడా కావడం విశేషం. యంత్రం వ్యాసం సుమారు ఒకటిన్నర మీటర్లు మాత్రమే. దాని విద్యుదయస్కాంతం బరువు సుమారు 8.5 టన్నులు.

కణాలు గాలి అణువులను ఢీకొని చెదరిపోకుండా గంటల తరబడి తిరగాలంటే వలయం లోపల అత్యంత శూన్యం ఉండాలి. ఆనాటికి అసాధారణమైన ఆ శూన్యాన్ని కొరాజా సాధించాడు. వలయంలోకి కణాలను ప్రవేశపెట్టే పద్ధతి కూడా విచిత్రమైనదే. సింక్రోట్రాన్ నుండి వచ్చే గామా కిరణాలు వలయం లోపలి పలుచని లోహపు రేకును తాకి ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలను పుట్టించేవి. వాటిలో అతి కొద్ది మాత్రమే కక్ష్యలో చిక్కేవి. ఒక రకం కణాలు నిండిన తరువాత యంత్రాన్నే తిరగవేసి రెండవ రకం కణాలను నింపేవారు.

1961 ఫిబ్రవరి 27న ఆడాలో మొదటిసారి కణాలు నిలిచాయి. ప్రణాళిక వివరించిన నాటి నుండి సంవత్సరం కూడా గడవలేదు. తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే కాంతిని పరికరంతో కొలిస్తే ఆ కాంతి మెట్లు మెట్లుగా తగ్గుతూ కనిపించింది. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క ఎలక్ట్రాన్ నష్టానికి గుర్తు. ఆ విధంగా వలయంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో ఒకటొకటిగా లెక్కించగలిగారు.

ఒర్సేకు ప్రయాణం, టూషెక్ ప్రభావం

ఫ్రాస్కాటీ పద్ధతిలో వలయంలోకి చేరే కణాల సంఖ్య అభిఘాతాలను చూపడానికి చాలలేదు. ఫ్రాన్సు దేశంలోని ఒర్సేలో శక్తివంతమైన రేఖీయ త్వరణ యంత్రం ఉంది. 1961లో ఫ్రాస్కాటీని దర్శించిన పియెర్ మారెన్ ఆడాను చూసి ముగ్ధుడయ్యాడు. రెండు ప్రయోగశాలల మధ్య ఒప్పందం కుదిరి, 1962 జులైలో ఆడాను లారీపై ఆల్ప్స్ పర్వతాల మీదుగా ఒర్సేకు తరలించారు. లోపలి శూన్యం చెడకుండా ఉండేందుకు దారి పొడవునా బ్యాటరీల సహాయంతో పంపులు నడుపుతూనే ఉన్నారు. ఒర్సేలో మారెన్‌తో పాటు జాక్ హైసెన్‌స్కీ ఈ ప్రయోగాలలో ముఖ్యపాత్ర వహించాడు.

1963లో ఒర్సేలో ఒక ఊహించని సమస్య ఎదురయింది. వలయంలో కణాల సంఖ్య పెరిగే కొద్దీ పుంజం ఆయుర్దాయం తగ్గిపోతూ వచ్చింది. ఇది శూన్యంలోని లోపం వలన జరిగేది కాదు. టూషెక్ త్వరలోనే కారణాన్ని కనుగొన్నాడు. గుంపుగా ప్రయాణించే ఎలక్ట్రాన్లు ముందుకు పరుగెడుతూనే పక్కలకు కూడా ఊగిసలాడుతూ ఉంటాయి. ఒకే గుంపులోని రెండు ఎలక్ట్రాన్లు పరస్పరం పరిక్షేపణం చెందినప్పుడు ఆ పక్కవాటు చలనం ముందువెనుకల చలనంగా మారుతుంది. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆ మార్పు అనేక రెట్లు హెచ్చుతుంది. ఫలితంగా ఒక ఎలక్ట్రానుకు మితిమీరిన శక్తి, మరొకదానికి తక్కువ శక్తి ఏర్పడి రెండూ కక్ష్య నుండి తప్పిపోతాయి. దీనికే టూషెక్ ప్రభావం అని పేరు. పుంజం ఎంత సన్నగా, చిక్కగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. అభిఘాతాలు ఎక్కువ కావాలన్నా పుంజం చిక్కగానే ఉండాలి. ఈ వైరుధ్యం వలన ఆడాలో కొత్త కణాలను సృష్టించి పరిశీలించే ఆశ వదులుకోవలసి వచ్చింది.

అయినప్పటికీ ఆడా తన ముఖ్య లక్ష్యాన్ని నెరవేర్చింది. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఎదురుపడి పరిక్షేపణం చెందేటప్పుడు వెలువడే ఫోటాన్లను బృందం నమోదు చేసింది. రెండు పుంజాలలోని కణాల సంఖ్యలను బట్టి ఆ ఫోటాన్లు పెరగడం గమనించి, అభిఘాతాలు నిజంగా జరుగుతున్నాయని 1964లో ప్రకటించారు. పదార్థ, ప్రతిపదార్థ పుంజాల అభిఘాతాన్ని యంత్రంలో నిరూపించడం అదే ప్రథమం.

అడోనె

ఆడా పూర్తి కాకముందే, 1960 నవంబరులో, టూషెక్ మరింత పెద్ద యంత్రానికి ప్రతిపాదన సిద్ధం చేశాడు. పెద్ద ఆడా అనే అర్థంలో దానికి అడోనె అని పేరు పెట్టారు. ఒక్కొక్క పుంజానికి 150 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, 105 మీటర్ల చుట్టుకొలత గల ఈ వలయాన్ని ఫెర్నాండో అమ్మాన్ నాయకత్వాన ఫ్రాస్కాటీలో నిర్మించారు. 1969లో ప్రయోగాలు మొదలయ్యాయి. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అంతరించినప్పుడు పుట్టే హేడ్రాన్ కణాలు ఊహించిన దానికంటే చాలా ఎక్కువగా కనిపించాయి. క్వార్కులకు మూడు రకాల వర్ణ ఆవేశాలు ఉన్నాయనే భావనకు ఈ ఫలితం తరువాత బలం చేకూర్చింది.

ఈ ప్రయోగాల ఫలితాలను సరిగా అర్థం చేసుకోవాలంటే అభిఘాతంలో వెలువడే అల్పశక్తి ఫోటాన్ల వలన కలిగే మార్పులను లెక్కలోకి తీసుకోవాలి. గ్లాస్గో రోజులలో చేపట్టిన ఆ విషయాన్ని టూషెక్ తన యువ సహచరులతో కలిసి 1967లో మరింత ముందుకు తీసుకువెళ్ళాడు.

1974 నవంబరులో అమెరికాలోని బ్రూక్‌హావెన్‌లో శామ్యూల్ టింగ్ బృందం, స్టాన్‌ఫర్డ్‌లో బర్టన్ రిక్టర్ బృందం జె/సై అనే కొత్త కణాన్ని కనుగొన్నట్లు ప్రకటించాయి. దాని ద్రవ్యరాశికి తుల్యమైన శక్తి సుమారు 310 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అడోనె రూపకల్పనలో నిర్ణయించిన గరిష్ఠ శక్తి 300 కోట్లు. ఈ స్వల్పమైన తేడాతో నాలుగవ క్వార్కుకు తొలి సాక్ష్యమైన కణం ఫ్రాస్కాటీ చేతికి అందకుండా పోయింది. వార్త తెలియగానే అక్కడి శాస్త్రవేత్తలు యంత్రాన్ని దాని పరిమితి దాటించి నడిపి, కొద్ది రోజులలోనే ఆ కణాన్ని స్వయంగా చూసి ధ్రువపరిచారు. రిక్టర్, టింగ్‌లకు 1976లో నోబెల్ బహుమతి లభించింది. స్టాన్‌ఫర్డ్‌లో ఈ కణాన్ని చూపినది కూడా ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అభిఘాత యంత్రమే.

బోధన, వ్యక్తిత్వం

టూషెక్ రోము విశ్వవిద్యాలయంలో అనేక సంవత్సరాలు సాంఖ్యక యాంత్రిక శాస్త్రం బోధించాడు. ఆ పాఠాల ఆధారంగా 1970లో ఒక పాఠ్యగ్రంథం వెలువడింది. క్వార్కుల మిశ్రమ కోణంతో విఖ్యాతుడైన నికోలా కబిబ్బో అతని శిష్యుడు. ఇటలీ పౌరసత్వం లేని కారణంగా టూషెక్‌కు పూర్తిస్థాయి ఆచార్య పదవి చాలాకాలం లభించలేదు. జీవితపు చివరి సంవత్సరంలో గాని అది దక్కలేదు.

టూషెక్ చేయి తిరిగిన వ్యంగ్య చిత్రకారుడు. సమావేశాలలో కూర్చుని తోటి శాస్త్రవేత్తలను, విశ్వవిద్యాలయ వ్యవహారాలను హాస్యంగా చిత్రించేవాడు. ఆ చిత్రాలు అనేకం భద్రపరచబడి తరువాత ప్రచురితమయ్యాయి. 1972లో ఇటలీ జాతీయ విజ్ఞాన పరిషత్తు అయిన లించెయీ అకాడమీ అతనిని విదేశీ సభ్యునిగా ఎన్నుకుంది. 1975లో మత్తెయూచి పతకం లభించింది.

చివరి రోజులు

టూషెక్ 1977లో జెనీవాలోని సెర్న్ సంస్థకు అతిథి శాస్త్రవేత్తగా వెళ్ళాడు. ప్రోటాన్లను ప్రతిప్రోటాన్లతో ఢీకొట్టించే పథకం అక్కడ అప్పుడు రూపుదిద్దుకుంటోంది. అప్పటికే కాలేయ వ్యాధి ముదరడంతో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. 1978 మే 25న ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో, తన 57వ యేట మరణించాడు. మిత్రుడు ఎడోర్డో అమాల్డి వ్రాసిన టూషెక్ జీవితచరిత్రను 1981లో సెర్న్ ప్రచురించింది.

శాస్త్ర రంగంపై ప్రభావం

ఆడా తరువాత ఒర్సే, నోవోసిబిర్స్క్, స్టాన్‌ఫర్డ్, హాంబర్గు మొదలైన చోట్ల ఎలక్ట్రాన్, పాజిట్రాన్ వలయాలు వెలిశాయి. స్టాన్‌ఫర్డ్‌లోని స్పియర్ యంత్రంలో టౌ లెప్టాన్, హాంబర్గులోని పెట్రా యంత్రంలో 1979లో గ్లూవాన్ ఉనికికి సాక్ష్యం లభించాయి. సెర్న్‌లో ప్రోటాన్, ప్రతిప్రోటాన్ అభిఘాతాల ద్వారా 1983లో డబ్ల్యు, జెడ్ కణాలు కనుగొనబడ్డాయి. 1989 నుండి 2000 వరకు అక్కడే పనిచేసిన లెప్ యంత్రం చుట్టుకొలత సుమారు 27 కిలోమీటర్లు. తేలికైన న్యూట్రినోలు మూడు రకాలేనని ఆ యంత్రం తేల్చింది. దాని సొరంగంలోనే తరువాత లార్జ్ హేడ్రాన్ కొలైడర్ నిర్మింపబడింది. అందులో 2012లో హిగ్స్ బోసాన్ కనుగొనబడింది. ఇందులో ప్రోటాన్లు ప్రోటాన్లతోనే ఢీకొంటాయి గాని, పుంజాలను నిల్వ చేసి ఎదురెదురుగా కలిపే విధానం మాత్రం అదే.

టూషెక్ ప్రభావం నేటికీ నిల్వ వలయాల రూపకర్తలు తప్పక లెక్కించవలసిన అంశం. అభిఘాత యంత్రాలలోనే గాక, ఔషధాలు, లోహాలు, ప్రోటీన్ల నిర్మాణాన్ని పరిశీలించడానికి ఉపయోగించే సింక్రోట్రాన్ కాంతి కేంద్రాలలో కూడా పుంజం ఆయుర్దాయాన్ని నిర్ణయించే కారణాలలో ఇది ఒకటి. భారతదేశంలో ఇందౌరులోని రాజా రామన్న సంస్థలో ఉన్న ఇండస్-2 వలయం అటువంటి కాంతి కేంద్రమే.

అడోనె 1993లో మూతపడింది. అది ఉన్న భవనంలోనే దాఫ్నె అనే కొత్త అభిఘాత యంత్రాన్ని నిర్మించారు. ఆడాను ఫ్రాస్కాటీ ప్రయోగశాల ఆవరణలో సందర్శకులు చూడడానికి వీలుగా భద్రపరిచారు. యూరోపియన్ ఫిజికల్ సొసైటీ 2013లో దానిని చారిత్రక స్థలంగా గుర్తించింది.